మసిపూసిన మారేడుకాయ: 1969 ఎంజీబీతో తొమ్మిదేళ్లు

2016 అక్టోబరులో కొన్నప్పుడు ఈ కారు ఎర్రగా నిగనిగలాడుతూ ఉంది. ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన స్పోర్ట్స్ కారు, 1969 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, క్రోమ్ బంపర్లు. 5,200 పౌండ్లు ఇచ్చాను. "అంతా రీస్టోర్ చేసేశాం, ఇక తోలుకోవడమే" అన్నాడు అమ్మినాయన. మూడో వారం చక్రం తీద్దామని డ్రైవరు వైపు జాకీ ఎత్తాను. లోపల మర్చిపోయిన టార్చి కోసం తలుపు లాగితే రాలేదు. జాకీ దించాను, తెరుచుకుంది. మళ్లీ ఎత్తాను, బిగుసుకుపోయింది.

ఎంజీబీకి విడిగా ఛాసీ ఉండదు. రేకులతో కట్టిన పెట్టెలే దాని ఎముకలు. పైకప్పు లేని బండి కాబట్టి ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ కలిపి పట్టుకునే బరువులో చాలావరకు తలుపుల కిందుండే రెండు సిల్సు మీదే పడుతుంది. అవి కుళ్లితే మధ్యలో జాకీ పెట్టగానే బండి విల్లులా వంగుతుంది, తలుపు చుట్టూ ఉన్న సందు మూసుకుపోతుంది. ఎర్ర రంగు కింద ఏదో జరిగిందని ఆ రోజే అర్థమైంది. ఏం జరిగిందో మొత్తం తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

అసలు ఈ బండే ఎందుకంటే, సగం కారణం నాన్న. విజయవాడలో మాకు అంబాసిడర్ ఉండేది. దాని 1489 సీసీ ఇంజనూ, ఎంజీబీ 1798 సీసీ ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబం. వీడియో కాల్‌లో బానెట్ ఎత్తి చూపిస్తే నాన్న నవ్వి, "ఒరేయ్, ఇది మన బండి ఇంజనేరా, ఇంకో కార్బురేటర్ తగిలించారంతే" అన్నారు. మిగతా సగం కారణం ఊరు. నేనుండే ఇంగ్లండ్‌లోని స్విండన్‌లోనే ఒకప్పుడు ఈ కార్ల బాడీలు తయారై ఎంజీ వాళ్ల అబింగ్‌డన్ ఫ్యాక్టరీకి వెళ్లేవి.

మరుసటి వేసవి అయస్కాంతం పట్టుకుని బండి చుట్టూ తిరిగాను. తలుపుల కింద చాలాచోట్ల అంటుకోలేదు. అక్కడ ఉన్నది రేకు కాదు, లప్పం. ఒకచోట స్క్రూడ్రైవరు గుచ్చితే సగం అంగుళం దాకా మెత్తగా దిగింది. లప్పం గీకితే కొత్త సిల్ రేకు కనిపించింది. అది కోస్తే దాని వెనక తుప్పు పట్టిన పాత సిల్, రెంటి మధ్య కిటికీ ఫ్రేముల చుట్టూ కొట్టే పసుపు ఫోమ్. ఆ ఫోమ్ నీళ్లు పీల్చుకుని, పిండితే కారేలా ఉంది. పాతది తియ్యకుండానే మీద కొత్తది కప్పి, అంచుల్లో అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు పెట్టి, అడుగున తారులాంటి అండర్‌సీల్ దట్టంగా పులిమేశారు. తాజాగా నల్లగా మెరిసే అండర్‌సీల్ చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

వెనక చక్రం గూట్లో ఇంకోటి దొరికింది. పెద్ద చిల్లులో పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, పైన ఫైబర్‌గ్లాస్ అంటించారు. పేపరు మీద తేదీ 1987. మొదట తిట్టుకున్నాను గానీ తర్వాత ఆలోచిస్తే ఆ మనిషి మీద కోపం రాలేదు. అప్పటికి ఇది 18 ఏళ్ల పాత బండి, అంతే. క్లాసిక్ అనే మాట దానికి ఇంకా అంటలేదు. మర్నాడు పనికి వెళ్లాలి, చేతిలో డబ్బుల్లేవు, చిల్లు మూశాడు. దాన్ని దాచిపెట్టే ప్రయత్నం కూడా చెయ్యలేదు, గట్టిగా కొడితే డొల్ల శబ్దం వస్తుంది. సిల్సు మీద చేసింది వేరే జాతి పని. అమ్మడానికి చేసింది. ఈ తొమ్మిదేళ్లలో నన్ను ఏడిపించిన రిపేర్లన్నీ ఆ రెండో రకమే.

సిల్ మార్చడం నాకు నేర్పింది పక్కింటి పెద్దాయన, రిటైరైన వెల్డర్. కొయ్యకముందు కట్టాలనేది ఆయన మొదటి పాఠం. బండిని సమానమైన స్టాండ్ల మీద నిలబెట్టి, తలుపు ఖాళీలో అటు స్తంభం నుంచి ఇటు స్తంభానికి ఇనప కమ్మీ తాత్కాలికంగా వెల్డ్ చేశాం. లేకపోతే సిల్ కోసిన క్షణమే బాడీ కుంగుతుంది, ఆ ఆకారంలోనే కొత్త రేకు అతుక్కుపోతుంది. ఒకసారికి ఒక వైపే. సిల్ ముందు చివర ఫ్రంట్ వింగ్ (ముందు చక్రం మీద కప్పే రేకు) వెనక దాక్కుని ఉంటుంది, కాబట్టి వింగ్ కింది భాగం కోస్తేనే సిల్ మొత్తం బయటికొస్తుంది. పాతవాళ్లు ఎగ్గొట్టింది సరిగ్గా ఆ పనే. లోపల ఇంకో రెండు పొరలున్నాయి: మధ్యలో నిలువు పలక, కింద కోటగోడ పళ్లలా మెట్లున్న రేకు. దాన్ని ఇక్కడ క్యాజిల్ సెక్షన్ అంటారు. ఒక్కో పొర వేసినప్పుడల్లా తలుపు బిగించి సందు కొలవాలి. మొదటి వైపు నేను తొందరపడి ఒకసారి కొలవడం మానేశాను. పైన సందు 3 మిల్లీమీటర్లు తగ్గింది. వేసిన వెల్డింగంతా గ్రైండర్‌తో కోసి మళ్లీ మొదలు. రెండు వైపులా కలిపి 14 నెలల శని ఆదివారాలు పోయాయి.

ఇక వైరింగ్. ఇక్కడివాళ్లు ఈ కార్లకి కరెంటు సామాను చేసిన లూకస్ కంపెనీని ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్ అని ఎగతాళి చేస్తారు. నా అనుభవంలో అది అన్యాయం. లూకస్ రంగుల లెక్క పట్టుబడితే ఇంత తేలికైన వైరింగ్ ఇంకోటి ఉండదు. గోధుమరంగుకి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఫ్యూజు ఉండదు. తెలుపు తాళం తిప్పితే. ఆకుపచ్చ అదే కరెంటు, ఫ్యూజు దాటాక. ఊదా ఎప్పుడూ ఉండేదే, కానీ ఫ్యూజు మీదుగా. నలుపు ఎర్త్. నా బండి డాష్‌బోర్డు కింద ఈ ఐదింటి కంటే ఎక్కువగా కనిపించింది ఎరుపు. రేడియోకి ఎరుపు, ఫ్యానుకి ఎరుపు, దేనికో తెలియని ఇంకో రెండు ఎరుపులు. అన్నీ నీలం ప్లాస్టిక్ క్లిప్పులతో అసలు వైర్ల గొంతు నొక్కి అతికించినవే. ఆ క్లిప్పు లోపలి బ్లేడు రాగి తీగల్ని సగం తెంపేస్తుంది, మిగతా సగం తేమకి పచ్చబడుతుంది. ఫ్యూజుబాక్సులో మాటిమాటికీ పోయే ఒక ఫ్యూజుకి చాక్లెట్ రేపర్ లాంటి వెండి కాగితం చుట్టి ఉంది. ఆ బండిలో నేను ఎనిమిది నెలలు తిరిగాను!

ఆ ఎరుపులన్నీ పీకేసి, ఎర్త్ పాయింట్లన్నీ మెరిసేదాకా గీకి బిగించాను. మసకగా వెలిగే హెడ్‌లైట్లు, ఇండికేటర్ వేస్తే ఊగే పెట్రోలు ముల్లు, రెండూ కుదురుకున్నాయి. కొత్తగా కొన్న సామాను ఖరీదు 40 పౌండ్లు కూడా లేదు.

చిన్నవి చెప్పుకుంటూ పోతే చాలా ఉన్నాయి. ముందు సస్పెన్షన్‌లో, చక్రం పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్‌లకి ఒక్కో వైపు మూడు గ్రీజు నిపుల్స్ ఉంటాయి, 3,000 మైళ్లకోసారి గ్రీజు కొట్టాలి. ఆరూ అండర్‌సీల్ కింద పూడిపోయి ఉన్నాయి, కింగ్‌పిన్‌లు రెండూ అరిగిపోయాయి. ఇంజను వేడెక్కుతోందని ఎవరో థర్మోస్టాట్ తీసి పారేశారు. దాంతో చలికాలంలో హీటరు వేడే ఇచ్చేది కాదు. అసలు జబ్బు బ్లాకు వెనక భాగంలో పేరుకున్న బురద, ఇంకా డిస్ట్రిబ్యూటర్‌లో బిగుసుకుపోయిన అడ్వాన్స్ బరువులు (ఇంజను వేగాన్ని బట్టి స్పార్కు సమయం మార్చేవి). బోల్టులది మరీ దారుణం. ఈ బండిలో దాదాపు అన్నీ అంగుళాల కొలతలే. ఐదు బై పదహారు అంగుళం బోల్టు ఉండాల్సిన చోట 8 మిల్లీమీటర్ల బోల్టు దాదాపు పడుతుంది. ఆ "దాదాపు" దగ్గర ఎవరో పొడుగాటి పానా వేసి బలవంతంగా తిప్పారు. మరలు పోయిన రంధ్రాలు పదకొండు లెక్కపెట్టాను.

రెండు ఎస్‌యూ కార్బురేటర్లతో ఒక వేసవంతా కుస్తీ పట్టాను. ఐడిల్ ఎంత సరిచేసినా నిలవలేదు. చివరికి చూస్తే థ్రాటిల్ స్పిండిళ్లు అరిగి పక్కనుంచి గాలి లాగుతున్నాయి, పైగా పెట్రోలు ఎంత పోవాలో కొలిచే నీడిల్స్ రెండింట్లో వేర్వేరు. అవి మార్చాక ఆటోనగర్‌లో నాన్న బండి చూసిన మేస్త్రీకి ఫోన్‌లో ఇంజను శబ్దం వినిపించాను. "ట్యాపెట్లు కొంచెం వదులు బాబూ, మిగతాది బాగుంది" అన్నాడు. చూస్తే నిజంగానే వదులు.

అందర్నీ తిట్టాను కాబట్టి నాది కూడా చెప్పాలి. ఎస్‌యూ పెట్రోలు పంపు కారు అడుగున, వెనక చక్రం దగ్గర ఉంటుంది. తాళం తిప్పగానే టిక్ టిక్ మంటుంది. ఒకసారి ఆగిపోతే వైరు కొస చుట్టి, ఇన్సులేషన్ టేపు వేసి, ఆదివారం సరిగ్గా చేద్దామనుకున్నాను. ఆ ఆదివారం రాలేదు. 2019 నవంబరులో ఎం4 మోటార్‌వే మీద, జోరువానలో బండి దగ్గి ఆగిపోయింది. బండి కింద దూరి ఊడిన టేపు చూపించాను. "ఎవరండీ ఈ పని చేసింది?" అని అడిగింది మా ఆవిడ. నేను వినపడనట్టే ఊరుకున్నాను.

ఇప్పుడు ఎలా ఉందంటే, నడపడం నిజంగా సరదా. సుమారు 95 హార్స్‌పవరే, మామూలు ఫ్యామిలీ కార్లు సిగ్నల్ దగ్గర దాటేస్తాయి. కానీ స్టీరింగ్ చేతికి రోడ్డంతా చెబుతుంది. పార్కింగ్‌లో మాత్రం భుజాలు నొప్పెడతాయి, పవర్ స్టీరింగ్ లేదు, బ్రేకు తొక్కే బలాన్ని పెంచే సర్వో లేదు. మూడు, నాలుగు గేర్లలో పనిచేసే ఓవర్‌డ్రైవ్ ఉన్న బండినే తీసుకోండి. అది లేకపోతే 70 మైళ్ల వేగంలో ఇంజను దాదాపు 3,900 ఆర్‌పీఎం దగ్గర అరుస్తుంది, ఉంటే 3,200. మైలేజీ గ్యాలన్‌కి 27 మైళ్లు, మన లెక్కలో లీటరుకు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. వానొస్తే టాపు అంచున ఎడమ మోకాలి మీద ఒక్కో చుక్క పడుతుంది. ఎండలో కాళ్ల దగ్గర పొయ్యి. ఇంజను వల్ల మాత్రం తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా రోడ్డు మీద ఆగలేదు.

విడిభాగాల గురించి దిగులక్కర్లేదు. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన బండి, బోల్టు దగ్గర్నుంచి అన్నీ దొరుకుతాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ 1988 నుంచి మొత్తం బాడీ షెల్లే కొత్తగా చేసి అమ్ముతోంది. కొత్త రబ్బరు సామాను మాత్రం నాణ్యత తక్కువ, నేను వేసిన బుష్‌లు రెండేళ్లకే పగిలాయి. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత పైపుల్ని తినేస్తుంది. నేను పైపులన్నీ మార్చేసి, ఇథనాల్ 5 శాతం మించని ఖరీదైన ఈ5 కొట్టిస్తున్నాను. 40 ఏళ్లు దాటింది కాబట్టి రోడ్డు ట్యాక్సు లేదు. బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసే ఏటేటా ఎంఓటీ పరీక్ష కూడా 2018 నుంచి తప్పనిసరి కాదు. అయినా నేను చేయిస్తాను, నా కళ్లకి కనపడనిది ఇంకొకరికి కనపడొచ్చు.

కొన్నది 5,200. ఆపైన నేను పెట్టింది 13,400 పౌండ్లు, నా కష్టం లెక్కలో లేదు. అమ్మితే అందులో సగం వస్తే గొప్ప. కొనాలనుకుంటే కొత్త పెయింటు వేసిన బండి దగ్గరికే పోకండి. రంగు వెలిసి, తుప్పు కళ్లకి కనిపిస్తూ, ఎవరూ చెయ్యి పెట్టనిది వెతకండి. అయస్కాంతం తీసుకెళ్లండి. జాకీ ఎత్తి తలుపు తెరవనివ్వమని అడగండి, ఒప్పుకోకపోతే వచ్చిన దారినే రండి.

పోయినేడు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం నుంచి బండి పుట్టుక సర్టిఫికెట్ తెప్పించాను. అబింగ్‌డన్ నుంచి బయటికొచ్చినప్పుడు దీని రంగు ఎరుపు కాదట, మినరల్ బ్లూ. ఇప్పుడు పైన ఎరుపు, వెల్డింగ్ చేసిన చోటల్లా బూడిదరంగు ప్రైమర్. వచ్చే వేసవికి మళ్లీ నీలం వేయిద్దామని ఉంది. మా అబ్బాయి మాత్రం వద్దంటున్నాడు, వాడికి ఎర్ర కారే కావాలట.