కిసింజరా, బ్రెజిన్‌స్కీనా?

హెన్రీ కిసింజర్, జ్బిగ్నీవ్ బ్రెజిన్‌స్కీ ఇద్దరూ యూరప్‌లో పుట్టినవాళ్లే, ఇద్దరూ హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా జాతీయ భద్రతా సలహాదారులయ్యారు. పదవుల లెక్కలో హెన్రీ కిసింజర్‌దే పైచేయి: 1969లో సలహాదారు, 1973 నుంచి 1977 దాకా విదేశాంగ మంత్రి కూడా. 1971లో పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లి చైనాతో మాటలు మొదలుపెట్టింది ఆయనే. కానీ అదే ఏడాది తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్) పాక్ సైన్యం జనాన్ని ఊచకోత కోస్తుంటే, ఆ చైనా దారి ఎక్కడ మూసుకుపోతుందోనని పాక్ సైనిక పాలకుడు యాహ్యా ఖాన్‌ను ఒక్క మాట గట్టిగా అనలేదు, ఇక కంబోడియాపై అమెరికా వేసిన బాంబుల సంగతి సరేసరి. ఎంత మేధావి అయినా దీన్ని నేను క్షమించలేను.

బ్రెజిన్‌స్కీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దగ్గర 1977 నుంచి 1981 వరకు పనిచేశారు, అంతే. 1979లో చైనాతో పూర్తి దౌత్య సంబంధాలు కుదరడంలో ఆయన పట్టుదల చాలా ఉంది. మచ్చలేని మనిషేం కాదు, అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వంపై తిరగబడ్డ అఫ్గాన్ ముజాహిదీన్‌కు అమెరికా సాయం మొదలైంది ఆ రోజుల్లోనే. అయితే పదవి దిగాక చూడండి: కిసింజర్ 1982లో కన్సల్టింగ్ కంపెనీ పెట్టారు, బ్రెజిన్‌స్కీ ఎక్కువగా పాఠాలు, రాతల వైపు వెళ్లారు. 2003 ఇరాక్ యుద్ధాన్ని కిసింజర్ సమర్థిస్తే ఈయన బహిరంగంగా, గట్టిగా వ్యతిరేకించారు. నేనైతే బ్రెజిన్‌స్కీ వైపే.