రోడియో మ్యూజియం చూడాలంటే కొలరాడోకా, ఓక్లహోమాకా?

ఎద్దు వీపు మీద ఎనిమిది సెకన్లు నిలవాలి. ఒంటిచేత్తో తాడు పట్టుకోవాలి, రెండో చెయ్యి ఎద్దుకు తగలకూడదు. బుల్ రైడింగ్ అంటే ఇంతే. రోడియోలో, అంటే అమెరికా కౌబాయ్‌లు గుర్రాలతో, ఎద్దులతో ఆడే పోటీల్లో ఇదొకటి. రోడియో చరిత్రను భద్రపరిచిన పెద్ద మ్యూజియాలు అమెరికాలో రెండున్నాయి. రెండూ చూసే తీరిక లేకపోతే ఏది మేలు?

కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రోరోడియో హాల్ ఆఫ్ ఫేమ్ 1979లో తెరిచారు. రోడియో తప్ప ఇంకో గోల ఉండదు. బయటే రోడియో ఛాంపియన్ కేసీ టిబ్స్ కంచు విగ్రహం, ఎగిరి తన్నే గుర్రం మీద. నాకు నచ్చిన సంగతి వేరే. ఇక్కడ రైడర్లతో పాటు గుర్రాలకూ ఎద్దులకూ హాల్‌లో చోటిచ్చారు. 1999లో చేరిన బోడేషియస్ అనే ఎద్దునే చూడండి. 135 సార్లు బరిలోకి వదిలితే 127 సార్లు మనిషిని కింద పడేసింది. 1995లో ఛాంపియన్ టఫ్ హెడెమన్ ముఖం ఎముకలు నుజ్జు చేసింది. అదే ఏడాది చివర్లో ఇంకొకరి ముఖమూ పగిలాక, ప్రాణాల మీదికి వస్తుందని దాన్ని ఆటనుంచి తప్పించారు.

అది షారోలే, బ్రాహ్మన్ జాతుల కలగలుపు. బ్రాహ్మన్ అంటే మన దేశపు పశువులతో అమెరికావాళ్లు తయారుచేసుకున్న జాతి. గిర్, గుజరాత్ పశువులతో పాటు నెల్లూరు పేరుతో వెళ్లిన మన ఒంగోలు రక్తమూ అందులో ఉంది. మూపురం ఊరికే రాలేదు!

ఓక్లహోమా సిటీలోని నేషనల్ కౌబాయ్ మ్యూజియం 1965 నాటిది. రోడియో అందులో ఒక భాగమే. మిగతాదంతా చిత్రాలు, శిల్పాలు, పాతకాలపు ఊరి నమూనా. గుర్రం మీద వాలిపోయిన ఆదివాసీ యోధుడి 18 అడుగుల విగ్రహం ఒక్కటి చాలు, ఆగి చూడటానికి. రోడియో అంటే ఆసక్తి లేనివాళ్లు వెంట ఉంటే ఇదే నయం. డాలస్‌లో ఉండే మనవాళ్లకు కారులో మూడు గంటల పైచిలుకు, అంతే. 200 మందికి పైగా రైడర్లను విసిరేసిన టోర్నడో అనే ఎద్దు సమాధి కూడా ఈ ఆవరణలోనే ఉంది. 1967లో ఇదే ఊళ్లో జరిగిన ఫైనల్స్‌లో ఫ్రెకిల్స్ బ్రౌన్ దాని మీద ఎనిమిది సెకన్లూ నిలిచాడు. అప్పటికాయనకు 46 ఏళ్లు.

ఆట కోసమే వెళ్లేవాళ్లకు నా ఓటు కొలరాడోకే. కానీ ఒక్క లోటు చెప్పాలి. బారెల్ రేసింగ్‌లో, అంటే గుర్రం మీద పీపాల చుట్టూ తిరిగే పరుగు పందెంలో, షార్మేన్ జేమ్స్ 1984 నుంచి వరసగా పదేళ్లు ప్రపంచ ఛాంపియన్. ఆమె గుర్రం స్కాంపర్‌ని హాల్‌లోకి 1996లోనే తీసుకున్నారు. ఆమెను తీసుకున్నది 2017లో. ఇంట్లో ఆడపిల్లలుంటే ముందు ఫోర్ట్ వర్త్‌లోని కౌగర్ల్ మ్యూజియం చూపించి, తర్వాత కొలరాడో బండెక్కండి.