వెనక కూలబడిందా, గుద్దుతోందా?

మా పాత డబ్ల్యూ124 ఎస్టేట్ (వెనక సామాన్ల చోటు పెద్దగా ఉండే రకం) బెంజి కారు కావలి దాటాక స్పీడ్ బ్రేకర్ మీద ఎడ్లబండిలా ఎగిరింది. నెల్లూరు మెకానిక్ చూడకుండానే షాకులు మార్చాలన్నాడు. ఆగమన్నాను. ఈ బండిలో వెనక ఎత్తును నూనె ఒత్తిడితో తనంతట తానే సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది.

ఎత్తు సరిగ్గానే ఉండి, ప్రతి గుంటకీ గుద్దుతుంటే అనుమానం గోళాల మీద, అంటే నూనె, నైట్రోజన్ ఉండి కుదుపును మింగే లోహపు బంతుల మీద. లోపలి పొర చిరిగి నైట్రోజన్ పోతే నూనెకు అణిగే చోటుండదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఇద్దరు డిక్కీలో కూర్చుంటే బండి కాస్త కుంగి మళ్లీ లేస్తుంది. చేత్తో నొక్కితే మాత్రం బండరాయే.

అదే తెల్లారేసరికి వెనక కూలబడి, ఆ ఏర్పాటుకు నూనె పోసే డబ్బాలో నూనె తగ్గుతుంటే లీకు. స్ట్రట్ (వెనక చక్రాల దగ్గర షాకుల స్థానంలో ఉండే నూనె గొట్టం) రబ్బరు తొడుగు ఎత్తి వేలు పెట్టండి, జిడ్డు తగిలితే దొరికినట్టే. పొడిగా ఉంటే ఎత్తు సరిచేసే లెవెలింగ్ వాల్వు, పైపులు చూడాలి.

మావి గోళాలే, బతికిపోయాం. రెండూ కలిపి మార్చాం. నూనె తగ్గిందని బ్రేక్ ఆయిల్ పోయనివ్వకండి, సీళ్లు పోతాయి.