విల్లా, షాట్‌గన్నా: పార్ట్స్ దేనికి పెట్టాలి?

మారతహళ్ళి పీజీలో రాత్రిళ్లు 2013లో వచ్చిన ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ వీడియో గేమ్ ఆడుతుంటే, నాకూ నెల్లూరు నుంచి వచ్చిన రూమ్మేట్‌కీ ఒకటే వాదన: ఆయుధాల్ని మెరుగుపరిచే పార్ట్స్ ముందు దేనికి పెట్టాలని. "అన్నా, ముందు షాట్‌గన్ పెంచు" అంటాడు. మీదికి దూకినవాణ్ణి దగ్గర్లో కూల్చాలంటే అదే, ఒప్పుకుంటాను. కానీ ఆ మోతకి చుట్టుపక్కల ఉన్నవన్నీ పరిగెత్తుకొస్తాయి. క్లిక్కర్లకు, అంటే ఫంగస్ సోకి రాక్షసుల్లా మారిన మనుషులకు, కళ్లు కనపడవు, చెవులే ఆధారం.

విల్లు చప్పుడు చెయ్యదు. బాణం విరక్కపోతే శవం నుంచి పీకి మళ్లీ వాడుకోవచ్చు. గోడ చాటున నారి లాగి, గురి కుదిరేదాకా ఊపిరి బిగబట్టాలి, అదొక్కటే టెన్షన్.

దారిలో ఏరుకున్న పార్ట్స్ అన్నింటికీ సరిపోవు. ఆయుధాలు బాగుచేసుకునే బల్ల, వర్క్‌బెంచ్, కనపడితే నేను ముందు విల్లు లాగే వేగానికే పెడతాను. షాట్‌గన్‌లో తూటాలు ఎక్కువ పట్టేలా చెయ్యడం ఆ తర్వాతే.