కొత్తవాళ్లకి అంతా ఒకేసారా, వంతులవారీగానా?

వస్తువుల లింకులు పోస్ట్ చేసి, వాటి ద్వారా ఎవరైనా కొంటే అమెజాన్ ఇచ్చే కమీషన్ తీసుకోవడం మా పని. ఈ అఫిలియేట్ టీమ్‌లోకి పాలకొల్లు నుంచి ఓ అమ్మాయి చేరింది. మొదటి రోజే వాట్సాప్‌లో డ్రైవ్ లింకు పంపేశాను. నలభై వీడియోలు, కీవర్డ్‌ల షీట్లు, పాత క్యాంపెయిన్ల స్క్రీన్‌షాట్లు, అన్నీ అందులోనే. "ఇవన్నీ ఇవాళే చూడాలాండీ?" అంది. "తీరిక చూసుకుని చూడమ్మా" అన్నాను. వారం తిరిగేసరికి రెండు నోటుపుస్తకాలు నిండాయి కానీ ఒక్క లింకూ పోస్ట్ కాలేదు. తప్పు ఆ పిల్లది కాదు.

ఫోల్డర్ మొత్తం ఇచ్చేయడంలో నాకు సుఖం ఉంది, నా టైమ్ మిగులుతుంది. ఇదివరకే ఈ పని చేసినవాళ్లకి అదే మేలు కూడా, కావలసింది వెతుక్కుంటారు. కొత్తవాళ్లకి మాత్రం అందులో అన్నీ ఒకే ఎత్తున కనిపిస్తాయి. అమెజాన్ లింకు నొక్కిన 24 గంటల్లో కొంటేనే కమీషన్ మన ఖాతాలో పడుతుందన్నది మొదటి వారమే తెలియాలి. ఈలోగా కార్ట్‌లో వేసి తర్వాత కొంటే లెక్క వేరన్నది నెల పోయాక తెలిసినా నష్టం లేదు. ఏది ముందో ఏది వెనకో ఫోల్డర్ చెప్పదు.

రెండో పద్ధతి మా డెల్టా రైతులకి బాగా తెలిసిందే. దాళ్వాలో, అంటే రబీ వరికి, నీళ్లు చాలకపోతే కాలువలకి వంతులు పెడతారు. అలాగే మొదటి వారం ఒక్క మిక్సీ, ఒక్క లింకు, రోజూ సాయంత్రం క్లిక్‌ల రిపోర్టు, అంతే. రెండో వారం రెండు వస్తువుల పోలిక రాయించడం. టెన్షన్ తగ్గింది, పని కదిలింది. కానీ చురుకైనవాళ్లు మూడో రోజే నాలుగో వారం ప్రశ్న అడుగుతారు. "అది తర్వాత" అంటే మొహం ముడుచుకుంటారు, న్యాయమే. పైగా సొంత అమెజాన్ ఖాతా తెరిచినవాళ్లకి 180 రోజుల్లో మూడు అమ్మకాలు రాకపోతే ఖాతా మూసేస్తారు. వంతు మరీ సాగదీస్తే ఆ గడువు మీద పడుతుంది.

మూడోది, సీనియర్ పక్కన కూర్చోబెట్టడం. పని పట్టుబడటంలో దీన్ని మించింది లేదు. వీడియోలో గంట చెప్పింది ఇక్కడ పది నిమిషాల్లో చేతికొస్తుంది. కాకపోతే సీనియర్ రోజు గల్లంతు, ఆయన అలవాట్లూ అంటుకుంటాయి. మా సీనియర్ ఏ పోస్టుకి ఏ ట్రాకింగ్ ఐడీ (అమ్మకం ఏ లింకు నుంచి వచ్చిందో చెప్పే గుర్తు) వాడాడో రాసుకోడు. ఆయన దగ్గర కూర్చున్న ఇద్దరూ ఇప్పుడు రాసుకోరు.

నా ఓటు మూడోదానికి రెండు రోజులు, ఆ తర్వాత వంతులకి. వంతు తప్పి ప్రశ్న వస్తే జవాబు చెప్పేయడమే, దాచడం లేదు. ఫోల్డర్‌ని చెరిపేయలేదు, అడిగినప్పుడు అందులోంచి ఒక్క వీడియో తీసి పంపుతున్నాను.

రూల్స్‌కి మాత్రం వంతు పెట్టను. మన లింకుతో మనమే కొనకూడదు, ఇంట్లోవాళ్లతో ఆర్డర్ పెట్టించకూడదు, ఈ లింకుకి మనకి కమీషన్ వస్తుందని జనానికి కనపడేలా చెప్పాలి. ప్రమోషన్ అయితే ఆ మాట స్పష్టంగా పెట్టాలని ప్రకటనల రంగం స్వీయ నియంత్రణ సంస్థ యాస్కీ (ASCI) 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి నాలుగో వారం చెబుదామని ఊరుకుంటే ఈలోపే ఖాతా పోవచ్చు. అందుకే మొదటి రోజు చేతికి ఇచ్చే ఒకే ఒక్క కాగితం ఇదే.

ఆ తర్వాత అమలాపురం నుంచి ఒకబ్బాయి చేరాడు. ఐదో రోజు సాయంత్రం రిపోర్టు పట్టుకొచ్చి, "అరవై క్లిక్‌లొచ్చాయి, ఆర్డర్ సున్నా. ఎందుకండీ?" అన్నాడు. పోస్ట్ తెరిచి చూస్తే, మిక్సీ గురించి అంతా రాశాడు గానీ అది ఎంతమంది ఉన్న ఇంటికి సరిపోతుందో రాయలేదు. "అయ్యో, మా అమ్మ ముందు అడిగేది అదే కదండీ" అని అక్కడే కూర్చుని దిద్దడం మొదలెట్టాడు.