కాయిల్ ఎక్కడ పెట్టాలి: టేపుతో కొలిచా, స్కాన్ చూసా?

డిప్రెషన్ మందులకు లొంగనప్పుడు డాక్టర్లు చెప్పే చికిత్సల్లో టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) ఒకటి. తలకు ఆనించిన కాయిల్ నుంచి అయస్కాంత పల్సులు పుర్రె దాటి మెదడును తాకుతాయి. కోత లేదు, మత్తు లేదు. అదే మెషీన్, అన్నే సెషన్లు. అయినా ఒకరు తేరుకుంటే ఇంకొకరిలో మార్పే కనిపించదు. ఆ తేడాను తగ్గించాలంటే ఏది మేలు?

ముందు చోటు సంగతి. గురి ఎడమ నుదురు వెనకున్న భాగం. పాత పద్ధతిలో కుడి బొటనవేలు అదిరే చోటు పట్టుకుని, అక్కడి నుంచి 5 సెం.మీ. ముందుకు జరుపుతారు. తలలన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి చాలామందికి కాయిల్ అసలు చోటుకు వెనకే ఆగిపోతుంది. నన్నడిగితే దీన్ని మానేయాలి. తల చుట్టుకొలతా, చెవి నుంచి చెవికి దూరమూ టేపుతో తీసి ఎఫ్3 అనే బిందువు గుర్తించడం చాలా నయం, పైగా ఖర్చు లేదు.

ఎంఆర్ఐ చూసి గురిపెడితే ఇంకా కచ్చితం. మరి మెదడు భాగాల మధ్య సంబంధాలను కూడా లెక్కగట్టే ఖరీదైన స్కాన్? బ్రిటన్‌లో 255 మందితో చేసిన బ్రైట్‌మైండ్ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. ఆ స్కాన్‌తో చేసిన చికిత్సకూ మామూలు ఎంఆర్ఐతో చేసినదానికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండు వైపులా చాలామంది మెరుగయ్యారు.

సమయం విషయంలో నాకు సందేహం లేదు. 37 నిమిషాల పాత సెషన్, పల్సులను గుత్తులుగా వేగంగా ఇచ్చే 3 నిమిషాల థీటా బర్స్ట్ దాదాపు సమానమని 2018లో కెనడాలో 414 మందిపై జరిగిన ట్రయల్ తేల్చింది. పొట్టిదే మేలు.

అయితే తేడా ఎక్కువగా మనిషిలోనే ఉంది. 2013లో 52 మంది ఆరోగ్యవంతులకు థీటా బర్స్ట్ ఇస్తే సగటున ప్రభావమే తేలలేదు: కొందరిలో మెదడు స్పందన పెరిగింది, కొందరిలో తగ్గింది. ఆ తేడాలో దాదాపు సగానికి కారణం, పల్సు ఒక్కొక్కరిలో ఒక్కో రకం నరకణాల వలయాన్ని కదిలించడమే.

డోసు కూడా చిక్కే. బొటనవేలు అదిరే కనీస శక్తిని బట్టి దాన్ని నిర్ణయిస్తారు. కానీ నుదుటి దగ్గర పుర్రెకూ మెదడుకూ మధ్య దూరం ఎక్కువ ఉండొచ్చు, అప్పుడు అక్కడ అందేది తక్కువే. మందులు మారినా ఆ కనీస శక్తి మారిపోతుంది. అందుకే ఖరీదైన స్కాన్ ఉందా అని అడిగేకంటే, మందు మార్చినప్పుడల్లా ఆ కనీస శక్తిని మళ్లీ కొలుస్తారా అని అడగండి. ఆందోళనకూ నిద్రకూ ఇచ్చే బెంజోడయజెపిన్ మాత్రలు వాడేవారిలో ఫలితం తక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, కాబట్టి వాటి సంగతీ మొదటి రోజే డాక్టరుకు చెప్పాలి. సొంతంగా మాత్రం ఆపకండి.