యాంప్లిఫయర్‌కి నాయిస్ ఫిల్టర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

విశాఖలో సొంతంగా యాంప్లిఫయర్లు తయారుచేసుకునేవాళ్లు దయచేసి జాగ్రత్త. పోయిన నెల డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో మెయిన్స్ నాయిస్ ఫిల్టర్ కొన్నాను, పవర్ కార్డ్ గుచ్చే సాకెట్‌తో కలిసి వచ్చే చిన్న రేకు డబ్బా, 350 రూపాయలు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడల్లా స్పీకర్లలో వచ్చే టప్ శబ్దం, ఎప్పుడూ ఉండే గుయ్‌మనే హమ్, రెండూ పోతాయన్నాడు షాపతను.

హమ్ పోలేదు. పోదు కూడా, ఎందుకంటే ఈ ఫిల్టర్లు ఆపేది లక్షల హెర్ట్జ్‌లలో ఉండే రొదని, మన 50 హెర్ట్జ్ కరెంటుని కాదు. ఎర్త్ లూప్ (పరికరాల మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలవడం), ట్రాన్స్‌ఫార్మర్ పక్కనుంచి పోయే సిగ్నల్ వైరు, పాడైన పెద్ద కెపాసిటర్లు, హమ్‌కి అవి చూసుకోవాలి.

డబ్బులు పోతే పోయాయనుకునేవాణ్ణే. కానీ మూడో రోజు మా అమ్మ తడిగుడ్డతో తుడుస్తూ యాంప్లిఫయర్ బాడీ పట్టుకుంది, షాక్ కొట్టింది. ఆవిడ అరుపు విని నా గుండె ఆగినంత పనైంది. చూస్తే మా ఇంట్లో ఎర్త్ లేదు, సముద్రపు ఉప్పుగాలికి ఎర్త్ కడ్డీ బోల్టు తుప్పుపట్టి వైరు ఊడిపోయింది. అది నా తప్పే, కానీ సరైన ఫిల్టరైతే ఎర్త్ లేకపోయినా చెయ్యి జివ్వుమంటుందంతే, ఇంత దెబ్బ తగలదు.

ప్లగ్ పీకేసి డబ్బా కోసి చూశాను. ఫేజ్ నుంచి ఎర్త్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఉండాల్సినవి వై2 కెపాసిటర్లు, పాడైనా షార్ట్ కాకుండా తెగిపోయేలా చేసినవి. అక్కడ ఉన్నవి 104 (అంటే 100 నానోఫారడ్లు), 400 వోల్ట్స్ డీసీ అని రాసి ఉన్న మామూలువి! 4.7 నానోఫారడ్ వై2 అయితే 230 వోల్టుల దగ్గర మిల్లీఆంపులో మూడో వంతు లీకవుతుంది, వీటిలోంచి 7 మిల్లీఆంపులకు పైనే. కరెంటు లీకైతే సప్లై కట్ చేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్ కూడా అంత తక్కువకి ట్రిప్ అవ్వదు. వీటిలో ఫేజ్ వైపుది షార్ట్ అయి ఎర్త్ కూడా లేకపోతే బాడీ మొత్తం 230 వోల్టులే, ఆ మాట తలుచుకుంటేనే భయమేస్తోంది.

తిరిగి షాపుకి వెళ్తే "అందరూ ఇవే తీసుకెళ్తున్నారు సార్" అన్నాడు. అందుకే ఇంత రాస్తున్నాను.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ప్లగ్ తీసేసి, కాసేపు ఆగి, మల్టీమీటర్‌తో ఫేజ్, ఎర్త్ పిన్నుల మధ్య కెపాసిటెన్స్ చూడండి. ఇలాంటి చిన్న ఫిల్టర్లో మామూలుగా పది నానోఫారడ్ల లోపే ఉంటుంది. నాది రెండు కెపాసిటర్లూ కలిపి దాదాపు 200 చూపించింది. మీది కూడా అలాగే ఉంటే మళ్లీ ప్లగ్ పెట్టకండి.